రాణి బిరుదు లేని రాణి: ఒలింపియాస్ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది?

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్‌ను మీరు చూసిన కథలన్నింటిలో పాములతో సహవాసం చేసే మంత్రగత్తెగా, భర్తను హత్య చేయించిన కుట్రదారుగా చూపించారు. ఆమెకు నిజంగా రాజకీయ ప్రాబల్యం ఉండేదా, లేక కొడుకు పేరు మీద చలామణి అయిన రాజమాత మాత్రమేనా అన్నది మీ సందేహం. డిగ్రీ కళాశాలలో ఇరవై ఏళ్ళకు పైగా ప్రాచీన ప్రపంచ చరిత్ర బోధించాను కనుక, ఆ అనుభవంతో సమాధానం ఇస్తున్నాను.

ప్రాబల్యం ఉండేది, చాలా ఉండేది. కాని అది ఏ పదవి వల్లా వచ్చినది కాదు. ఆమె కాలంలో మాసిడోనియా రాజు భార్యకు "రాణి" అనే అధికారిక బిరుదే లేదు. ఆమె భర్త, రాజు ఫిలిప్ తల్లి యూరిడికె ఉత్తర గ్రీసులోని వెర్గీనాలో దేవతకు సమర్పించిన కానుకల మీద ఉన్నది ఆమె పేరు, తండ్రి పేరు, అంతే. "బసిలిస్సా" అనే బిరుదు ఒలింపియాస్ చనిపోయిన దాదాపు పదేళ్ళకు, అలెగ్జాండర్ సేనానుల ఇళ్ళలోని స్త్రీలకు వాడుకలోకి వచ్చింది. బిరుదు లేని స్త్రీ మాటకు సైన్యాలు కదిలాయంటే ఆ బలం ఎక్కడిదో చూడాలి. నా అంచనాలో అది రెండు చోట్ల నుంచి వచ్చింది: ఒకటి పుట్టింటి బలం, రెండవది సింహాసనానికి వారసుడైన కొడుకు, ఆ తరువాత మనుమడు. ఒకటి సన్నగిల్లినప్పుడు రెండవదాన్ని పట్టుకొని ఆమె నాలుగు దశాబ్దాలు నెట్టుకొచ్చింది. రెండూ ఒకే చలికాలంలో చేజారాయి, ఆమె కథ అక్కడితో ముగిసింది.

పాముల సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే తరగతిలో కూడా మొదట లేచే చెయ్యి ఆ ప్రశ్నకే. ఒలింపియాస్ నిద్రిస్తుండగా పక్కన పాము కనిపించిందని, అప్పటి నుంచి ఫిలిప్‌కు ఆమె మీద మనసు తగ్గిందని రాసినవాడు గ్రీకు జీవితచరిత్రల రచయిత ప్లూటార్క్. అయితే అదే చోట ఆయన ఇంకొక మాట కూడా చెప్పాడు. ఆ ప్రాంతపు స్త్రీలు ఎంతో కాలంగా మద్యదేవుడు డయొనైసస్ పూజల్లో పాల్గొనేవారు, ఒలింపియాస్ ఆ పూజలకు పెద్ద పెద్ద సాధు సర్పాలను తెచ్చేది, అవి పూజా బుట్టల్లోంచి, ఆకుల దండల్లోంచి తలలెత్తేవి. అంటే ఇది చాటుమాటు క్షుద్రవిద్య కాదు, నలుగురిలో జరిగే పూజ. దానికి ముందు నిలబడేది రాజు భార్య. జ్యూస్ దేవుడే పాము రూపంలో వచ్చాడన్న కథ తరువాతి కాలంలో అలెగ్జాండర్ దైవపుత్రుడన్న ప్రచారానికి బాగా అక్కరకు వచ్చింది. ఆ ప్రచారం విని ఒలింపియాస్, "ఈ అలెగ్జాండర్ నా మీద హేరాకు చాడీలు చెప్పడం మానడా?" అన్నదని కూడా ప్లూటార్కే రాశాడు. హేరా జ్యూస్ భార్య. కొడుకు గొప్ప కోసం తనకు దేవలోకంలో ఒక సవతిని తెచ్చిపెడుతున్నాడని ఆవిడ విసుగు. ఇది జరిగిందో లేదో ఎవరూ రుజువు చేయలేరు కాని, మంత్రగత్తె కథ చెప్పేవారు ఈ వాక్యాన్ని మాత్రం ఎందుకో వదిలేస్తారు.

ఇక పుట్టింటి విషయం. ఆమె ఎపిరస్‌లోని మొలోసియన్ల రాజు నియోప్టొలెమస్ కూతురు. నేటి వాయవ్య గ్రీసు, దక్షిణ అల్బేనియా ప్రాంతమే అప్పటి ఎపిరస్. ఆ వంశం తమ మూలపురుషుడు ట్రాయ్ యుద్ధవీరుడు అకిలీస్ అని చెప్పుకునేది, ఆ మాటను గ్రీకులందరూ గౌరవించేవారు. పాలిక్సెనా, మిర్టాలె అనే పేర్లు కూడా ఆమెకు ఉన్నాయి. "ఒలింపియాస్" అన్నది క్రీ.పూ. 356లో ఫిలిప్ గుర్రం ఒలింపిక్ పోటీల్లో గెలిచిన తరువాత స్థిరపడిన పేరని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తండ్రి చనిపోయాక పినతండ్రి అరిబాస్ క్రీ.పూ. 357 ప్రాంతంలో ఆమెను ఫిలిప్‌కు ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆ మరుసటి సంవత్సరమే అలెగ్జాండర్ పుట్టాడు, కొద్ది కాలానికి కూతురు క్లియోపాత్రా పుట్టింది. (ఈజిప్టు క్లియోపాత్రా ఈమె తరువాత దాదాపు మూడు వందల ఏళ్ళకు వచ్చింది. ఈ కథలోనే ఇంకొక క్లియోపాత్రా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.)

ఫిలిప్‌కు మొత్తం ఏడుగురు భార్యలు. ఇల్లిరియా, థెస్సలీ, థ్రేస్, ఎపిరస్ ఇలా ఏ దిక్కున యుద్ధమో పొత్తో ఉంటే ఆ దిక్కు నుంచి ఒక పెళ్ళి. ఇందులో పట్టమహిషి అనే హోదా లేదు. ఎవరి కొడుకు వారసుడైతే వారిదే పైచేయి. మన పాఠకులు దీన్ని సవతి పోరుగా చదువుకుంటారు, అది తప్పు కాదు, కాని ఇక్కడ ఒక్కొక్క సవతి వెనుక ఒక్కొక్క రాజ్యం ఉన్నది. ఒలింపియాస్ తమ్ముడు, అతని పేరు కూడా అలెగ్జాండరే, ఫిలిప్ కొలువులో పెరిగి, ఫిలిప్ సాయంతోనే మొలోసియా రాజయ్యాడు. అప్పటి నుంచి ఆమెకు పుట్టింట్లో తమ్ముడు రాజు, మెట్టినింట్లో కొడుకు వారసుడు.

క్రీ.పూ. 337లో ఈ అమరిక కదిలింది. ఫిలిప్ ఈసారి పరాయి రాజ్యపు అమ్మాయిని కాక మాసిడోనియా ప్రభువంశపు పిల్లను, అట్టాలస్ అనే సేనాని సంరక్షణలోని క్లియోపాత్రాను, పెళ్ళాడాడు. పెళ్ళి విందులో అట్టాలస్ తాగిన మత్తులో, ఈ పెళ్ళి వల్ల రాజ్యానికి సక్రమమైన వారసుడు పుట్టాలని దేవతలను ప్రార్థించమన్నాడు. "అయితే నేను అక్రమ సంతానాన్నా?" అంటూ అలెగ్జాండర్ మధుపాత్ర విసిరాడు. ఫిలిప్ కత్తి దూసి కొడుకు మీదికి లేచి, తూలి పడిపోయాడు. ఆ రాత్రి తరువాత అలెగ్జాండర్ తల్లిని ఎపిరస్‌లో దింపి, తాను ఇల్లిరియాకు వెళ్ళాడు. గమనించవలసినది ఇదే: కొడుకు స్థానం కదిలిన మరుక్షణం ఆమె వెళ్ళినది పుట్టింటికి, అక్కడ ఆమె ఊరికే కూర్చోలేదు. తమ్ముణ్ణి ఫిలిప్ మీదికి యుద్ధానికి పురికొల్పిందని రోమన్ రచయిత జస్టిన్ రాశాడు.

దీనికి ఫిలిప్ వేసిన ఎత్తు తెలుగువారికి ఇట్టే అర్థమవుతుంది. ఒలింపియాస్ కూతురు క్లియోపాత్రాను ఒలింపియాస్ తమ్ముడికే, అంటే పిల్ల సొంత మేనమామకే, ఇచ్చి పెళ్ళి చేశాడు. మన దగ్గర మేనమామ పెళ్ళి బంధుత్వం గట్టిపడడానికి చేసుకుంటారు. ఇక్కడ ఫిలిప్ ఉద్దేశం ఎపిరస్‌తో పొత్తుకు ఇక ఒలింపియాస్ అవసరం లేకుండా చేయడం. ఆ పెళ్ళి వేడుకల్లోనే, క్రీ.పూ. 336లో, మాసిడోనియా పాత రాజధాని ఏగే నాటకశాలలోకి అడుగుపెడుతున్న ఫిలిప్‌ను అంగరక్షకుడు పౌసానియాస్ పొడిచి చంపాడు.

ఒలింపియాస్ చేయించిందా? నా అభిప్రాయంలో ఆమెకు లాభం ఉన్నది, ఆధారం లేదు. శిలువకు వేలాడుతున్న హంతకుడి శవం తలకు ఆమె బంగారు కిరీటం పెట్టిందని జస్టిన్ రాసినది నాటకం చూసినట్లే ఉంటుంది. మాసిడోనియా కొలువును స్వయంగా ఎరిగిన అరిస్టాటిల్ మాత్రం ఒక్క వాక్యంలో తేల్చాడు: అట్టాలస్ మనుషులు తనను అవమానిస్తే ఫిలిప్ పట్టించుకోలేదన్న కసితో పౌసానియాస్ చంపాడని. అయితే దీని తరువాత జరిగినదానికి వకాల్తా పుచ్చుకోవడానికి లేదు. అలెగ్జాండర్ ఊళ్ళో లేని సమయంలో ఒలింపియాస్ ఆ కొత్త భార్య క్లియోపాత్రాను, ఆమె పసిబిడ్డను చంపించింది. కొడుక్కు కూడా అది రుచించలేదని ప్లూటార్క్ అంటాడు.

నేను కూడా మొదటి ఏడెనిమిదేళ్ళు ఒలింపియాస్‌ను దుష్టపాత్రగానే బోధించాను. పాఠం రక్తి కట్టేది, పిల్లలకు గుర్తుండిపోయేది. ఒక సంవత్సరం నల్లబల్ల మీద రెండు వరుసలు గీసి, ఒకవైపు ఆమె గురించిన ఒక్కొక్క సంఘటనను, ఇంకొకవైపు దాన్ని మనకు చెప్పిన రచయిత కాలాన్ని రాయించాను. ప్లూటార్క్ నాలుగు వందల ఏళ్ళ తరువాతివాడు. డయొడోరస్ సుమారు రెండున్నర శతాబ్దాల తరువాతివాడు. జస్టిన్ ఒక పాత గ్రంథాన్ని సంక్షిప్తం చేసినవాడు. "సార్, రెండో వరుసలో ఆవిడ కాలంవాళ్ళు ఒక్కరూ లేరేంటి?" అని వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ వెళ్ళినప్పుడే నాకు సైరీన్ శాసనం అనువాదం చేతికి దొరికింది.

సైరీన్ నేటి లిబియాలోని గ్రీకు నగరం. క్రీ.పూ. 330 తరువాతి కొన్నేళ్ళలో గ్రీసులో తిండిగింజల కరువు వచ్చినప్పుడు ఆ నగరం ఎవరెవరికి ఎంతెంత ధాన్యం ఇచ్చిందో రాతి మీద చెక్కించుకున్నది. ఏథెన్స్‌కు 1,00,000 మెడిమ్నోలు, ఆ తరువాత నగరం వెంట నగరం పేర్లు. వాటి నడుమ, ఏ ఊరి పేరూ లేకుండా ఇద్దరు మనుషులు: ఒలింపియాస్‌కు 60,000, మరొకసారి 12,600, ఆమె కూతురు క్లియోపాత్రాకు 50,000. రాజు పేరు లేదు, ప్రతినిధిగా మాసిడోనియాను చూస్తున్న ఆంటిపేటర్ పేరు లేదు. ఆ రాయిని చెక్కినవాడికి ఒలింపియాస్ పాత్ర బాగుందా చెడ్డదా అన్న గొడవ లేదు. ధాన్యం ఎవరి పేరున దిగిందో అది చెక్కాడు. ఒక మెడిమ్నో అంటే 48 కొయినిక్స్‌లు, ఒక కొయినిక్స్ అంటే ఒక మనిషికి ఒక రోజు తిండి. ఆ లెక్కన ఒలింపియాస్‌కు చేరినది ఒక మనిషికి దాదాపు 35 లక్షల రోజులకు సరిపడే తిండిగింజలు. ఈ కొలతను మనసులో ఉంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

అలెగ్జాండర్ క్రీ.పూ. 334లో ఆసియా దండయాత్రకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ పదకొండేళ్ళూ ఒలింపియాస్‌కు, ఆంటిపేటర్‌కు పడలేదు. ఇద్దరూ రాజుకు పోటీపడి ఉత్తరాలు రాసేవారు. ఆమె మీద ఆంటిపేటర్ రాసిన ఒక పొడుగాటి ఫిర్యాదు చదివి, తల్లి కన్నీటి చుక్క ఒక్కటి ఇలాంటి ఉత్తరాలు పదివేలను చెరిపేస్తుందని ఇతనికి తెలియదు అన్నాడట అలెగ్జాండర్. మరొకసారి, పది నెలలు మోసినందుకు అమ్మ బాడుగ మరీ గట్టిగా వసూలు చేస్తున్నదని కూడా అన్నాడట. రెండు మాటలూ కలిపి చదివితే నిజం దొరుకుతుంది: కొడుకు ఆమెను గౌరవించాడు, బహుమతులు పంపాడు, పరిపాలనా అధికారం మాత్రం ఆంటిపేటర్ చేతుల్లోనే ఉంచాడు.

అందుకే ఆమె మళ్ళీ పుట్టిల్లు పట్టింది. క్రీ.పూ. 331 చలికాలంలో తమ్ముడు ఇటలీ యుద్ధంలో చనిపోగా ఎపిరస్ వ్యవహారాలు ఆమె చేతికి వచ్చాయి. కూతురు తరువాత మాసిడోనియాకు చేరింది. తల్లి తెలివైన పని చేసింది, మాసిడోనియన్లు ఆడపెత్తనాన్ని సహించరు అన్నాడట అలెగ్జాండర్. ఎపిరస్‌లో ఆమె మాట తీరు ఎలాంటిదో ఏథెన్స్ న్యాయవాది హైపెరిడీస్ ప్రసంగంలో తెలుస్తుంది. ఇతను ఆమె సమకాలికుడు. ఎపిరస్‌లోని డొడోనా గుడిలో దేవత విగ్రహానికి ఏథెన్స్‌వారు అలంకారం చేయించగా, మొలోసియా నాది, అక్కడి విగ్రహాన్ని తాకడానికి మీరెవరు అని ఆమె ఫిర్యాదు రాసింది. మరి మా ఊరి ఆరోగ్య దేవతకు ఆవిడ పాత్ర సమర్పించినప్పుడు మేము అడ్డు చెప్పామా అని హైపెరిడీస్ ఎత్తిపొడిచాడు. ఒక గుడి అలంకారం మీద రెండు రాజ్యాల నడుమ జరిగే వాదన ఇది, అందులో ఎపిరస్ పక్షాన మాట్లాడుతున్నది ఆమె.

క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ బాబిలోన్‌లో చనిపోయాడు. మానసికంగా అశక్తుడైన ఆమె సవతి కొడుకు ఫిలిప్ అరిడియస్, అలెగ్జాండర్ భార్య రొక్సానాకు పుట్టిన మనుమడు నాలుగవ అలెగ్జాండర్, ఇద్దరూ పేరుకు రాజులయ్యారు. ఇక్కడి నుంచి ఆమె అసలు రాజకీయం కనిపిస్తుంది. కూతురును పెర్డికాస్ అనే బలమైన సేనానికి ఇవ్వజూపింది, అతను హత్యకు గురయ్యాడు. క్రీ.పూ. 319లో ఆంటిపేటర్ చనిపోతూ అధికారాన్ని కన్నకొడుకు కసాండర్‌కు కాక పోలిపెర్కాన్ అనే వృద్ధ సేనానికి అప్పగించాడు. పోలిపెర్కాన్ వెంటనే మనుమడి సంరక్షణ చేపట్టమని ఒలింపియాస్‌ను పిలిచాడు. ఆవేశపరురాలని పేరుపడ్డ ఈ స్త్రీ ఏం చేసిందో చూడండి: రాజవంశం పక్షాన నిలిచిన సేనాని యూమెనెస్‌కు ఉత్తరం రాసి సలహా అడిగింది, ఇప్పుడే కదలవద్దని అతను చెప్పగా రెండేళ్ళు ఆగింది. ఈలోగా ఏథెన్స్ రేవులో తిష్ఠ వేసిన కసాండర్ మనిషికి కోటను ఏథెన్స్‌వారికి అప్పగించమని ఉత్తరం రాస్తే, అతను కోటను ఇవ్వలేదు కాని బెదిరి నాన్చడం మొదలుపెట్టాడు. పదవి లేని మనిషి కాగితం ముక్కకు ఆపాటి విలువ ఉన్నది.

క్రీ.పూ. 317లో అరిడియస్ భార్య అడియా యూరిడికె కసాండర్ పక్షం చేరింది. అప్పుడు ఒలింపియాస్ బయలుదేరింది. ఎపిరస్ రాజు, ఆమె బంధువు ఈయాసిడీస్ సైన్యం తెచ్చాడు. ఇది ఇద్దరు స్త్రీల మధ్య జరిగిన మొదటి యుద్ధమని ఒక ప్రాచీన రచయిత రాశాడు: యూరిడికె మాసిడోనియా సైనికుడిలా ఆయుధాలు ధరించి వచ్చింది, ఒలింపియాస్ డప్పుల మోత నడుమ డయొనైసస్ భక్తురాలిలా వచ్చింది. యుద్ధం మాత్రం జరగలేదు. మాసిడోనియా సైనికులు అలెగ్జాండర్ తల్లిని చూసి అవతలి పక్షం వదిలి వచ్చేశారు.

ఆమె పతనం ఆ విజయం నుంచే మొదలైంది. అరిడియస్‌ను, యూరిడికెను ఇరుకు గదిలో గోడ కట్టించి బంధించింది. తరువాత అరిడియస్‌ను పొడిపించి, యూరిడికెకు కత్తి, ఉరితాడు, విషం పంపి ఏదో ఒకటి ఎంచుకోమన్నది. ఆ పిల్ల తన నడికట్టుతోనే ఉరి పోసుకున్నది. కసాండర్ తమ్ముణ్ణి, అతని పక్షంవారు నూరుమందిని చంపించింది, మరొక తమ్ముడి సమాధిని తవ్వించింది. కసాండర్ కూడా తరువాత ఇంతకు తక్కువ చేయలేదు, అతన్ని ఎవరూ పిచ్చివాడు అనలేదు. అయినా రాజకీయంగా ఇది ఘోరమైన తప్పు. అరిడియస్ ఎంత అశక్తుడైనా ఫిలిప్ కొడుకు. అతని రక్తంతో ఆమెకున్న గౌరవానికి మచ్చ పడింది, తిరిగి వచ్చిన సైనికుల మనసు విరిగింది.

కసాండర్ దండెత్తి రాగానే ఆమె మనుమడిని, రొక్సానాను, ఫిలిప్ మరొక భార్య కూతురు థెస్సలోనికెను వెంటబెట్టుకొని సముద్రతీరంలోని పిడ్నా కోటలో చేరింది. సాయం కోసం ఈయాసిడీస్ బయలుదేరాడు, కాని అతని సైన్యమే తిరగబడి అతన్ని దేశం నుంచి వెళ్ళగొట్టింది. ఎపిరస్ కసాండర్‌తో చేతులు కలిపింది. పుట్టిల్లు పోయింది. పోలిపెర్కాన్ సైనికులను కసాండర్ మనుషులు డబ్బుతో కొనేశారు. చలికాలమంతా ముట్టడి. ఏనుగులకు రంపపు పొట్టు పెట్టారు, అవి చచ్చిపోయాయి. సైనికులకు నెలకు అయిదు కొయినిక్స్‌ల గింజలు, అంటే అయిదు రోజుల తిండితో నెల గడపడం. ఒకప్పుడు 35 లక్షల కొయినిక్స్‌లు తన పేరున దింపుకున్న మనిషి కోటలో జరిగిన సంగతి ఇది.

క్రీ.పూ. 316 వసంతంలో ప్రాణహాని చేయనన్న హామీ మీద లొంగిపోయింది. ఆంఫిపోలిస్ నగరాన్ని పట్టుకొని ఉన్న ఆమె పక్షపు సేనాని అరిస్టొనస్ కసాండర్‌కు లొంగక, ఆమె ఉత్తరం చూశాకే కోట తలుపులు తెరిచాడు. కసాండర్ ఆమె లేకుండా సభ పెట్టించి మరణశిక్ష వేయించాడు. ఓడ ఇస్తాను, ఏథెన్స్‌కు పారిపొమ్మని కబురు పెడితే, పారిపోను, మాసిడోనియన్ల ముందే నా విచారణ జరగాలి అన్నది. ఆమె సభలో మాట్లాడితే జనం మనసు మారుతుందని భయపడి అతను 200 మంది సైనికులను పంపాడు. వారు ఇంట్లోకి చొరబడ్డారు, ఆమెను చూసి, చంపలేక వెనుదిరిగారు. చివరికి ఆమె చంపించినవారి బంధువులే ఆ పని చేశారు. ఆమె ప్రాణభిక్ష అడగలేదని డయొడోరస్ రాశాడు. పడిపోయేటప్పుడు ఒళ్ళు కనబడకుండా జుట్టు, బట్టలు సర్దుకున్నదని జస్టిన్ రాశాడు. ఈ ఇద్దరూ ఆమె అభిమానులు కారు.

కొడుకు పేరు మీద చలామణి అయిందా అన్న మీ మాటకు ఆ 200 మంది సైనికులు సగం సమాధానం. మిగతా సగం కసాండర్ తరువాత చేసిన పనుల్లో ఉన్నది. ఆమె శవాన్ని పూడ్చనివ్వలేదు. ఆమెతో పాటు పిడ్నాలో పట్టుబడిన థెస్సలోనికెను పెళ్ళాడి ఫిలిప్ వంశానికి అల్లుడయ్యాడు, ఆమె పేరుతో నగరం కట్టించాడు. అదే నేటి థెస్సలోనికి. మనుమడిని, రొక్సానాను ఆంఫిపోలిస్‌లో బంధించి, క్రీ.పూ. 310 ప్రాంతంలో రహస్యంగా చంపించాడు. ఎపిరస్ తిరుగుబాటులో ఈయాసిడీస్‌ను వెళ్ళగొట్టినప్పుడు అతని రెండేళ్ళ కొడుకును నమ్మినబంట్లు ఎత్తుకొని ఇల్లిరియాకు పారిపోయారు. ఆ పిల్లవాడు పిర్రస్. మరో మూడు దశాబ్దాలు తిరగకముందే, క్రీ.పూ. 288లో, అతను మాసిడోనియా సింహాసనం ఎక్కాడు.